చిన్న ఆర్కేడ్ డబ్బాకి ఏ చెక్క? మెరైన్ ప్లై, ఎండీఎఫ్, హెచ్‌డీహెచ్‌ఎంఆర్ మధ్య తేలడం లేదు

కాజా_కాకినాడ
టేబుల్ మీద పెట్టుకునే వీడియో గేము డబ్బా, ఒక్కరు ఆడుకునేది. లోపల పాత 19 అంగుళాల 5:4 మానిటర్, రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరు, ఒక జాయ్‌స్టిక్, ఎనిమిది బటన్లు. లోపలి వెడల్పు 450 ఎంఎం అనుకున్నాను. చెక్క దగ్గరికొచ్చి ఆగిపోయాను. మా కార్పెంటరు 19 ఎంఎం మెరైన్ ప్లై తప్ప ఇంకేదీ వద్దంటున్నాడు. వీడియోల్లో అందరూ ఎండీఎఫ్ (చెక్క నారపొడి నొక్కి చేసే బోర్డు) కోస్తున్నారు. ప్లైవుడ్ షాపాయన ఈ రెండూ కాదు, హెచ్‌డీహెచ్‌ఎంఆర్ (అలాంటిదే, ఇంకా గట్టిది, తేమని తట్టుకునేది) తీసుకెళ్లండి అంటాడు. మాది సముద్రానికి దగ్గర, వానాకాలం తలుపులే బిగుసుకుపోతాయి. ఏది తీసుకోవాలి? 12 ఎంఎం చాలా, 18 కావాలా?

రంపంపొట్టు
డబ్బా మొత్తం ఒకే చెక్కతో చెయ్యాలన్న రూలేమీ లేదు. పక్కలకి కావాల్సింది వంపు శుభ్రంగా తెగడం, అంచు నున్నగా రావడం. కంట్రోల్ ప్యానెల్‌కి కావాల్సింది బటన్ బిగిసే మందం. అడుగు చెక్కకి తడి తట్టుకోవడం. ముక్క ముక్కకీ విడిగా ఆలోచించండి, గందరగోళం సగం తగ్గుతుంది.

బరువు లెక్క ముందు చూడండి. మీ కొలతలకి పక్కలు 550×500 రెండు, అడుగు 450×480, వెనక 450×450, ప్యానెల్ 450×230, పైకప్పు 450×200, మార్క్వీ (పైన గేము పేరు వేసే పలక) 450×120, స్పీకరు ముక్క 450×100 అనుకుంటే మొత్తం సుమారు 1.26 చదరపు మీటర్లు. 12 ఎంఎంలో ప్లై అయితే 9 కిలోలు, ఎండీఎఫ్ 11, హెచ్‌డీహెచ్‌ఎంఆర్ 13. అదే 18 ఎంఎంలో 14, 16.5, 19. మానిటర్ బరువు దీనికి అదనం. టేబుల్ మీద నుంచి దించి పక్కన పెట్టుకునే డబ్బా 20 కిలోలు దాటితే ఇంట్లో ఎవరూ దాన్ని కదపరు.

చిత్రిక77
బరువు తక్కువైతే ఆట మధ్యలో డబ్బా జరుగుతుంది, అదీ లెక్కలోకి తీసుకోవాలి. ఫైటింగ్ గేములో స్టిక్ గట్టిగా లాగితే 12 ఎంఎం ప్లై డబ్బా టేబుల్ మీద పాకుతుంది. అడుగు ఒక్కటీ 18 వేసి, కింద నాలుగు రబ్బరు బుష్షులు బిగిస్తే సరిపోతుంది.

కార్పెంటరు మాటని తీసిపారెయ్యకండి. స్క్రూ పట్టులో మంచి ప్లైని ఎండీఎఫ్ అందుకోదు, ముఖ్యంగా అంచులో. ఎండీఎఫ్ అంచులోకి పైలట్ రంధ్రం లేకుండా స్క్రూ దింపితే పుస్తకం తెరుచుకున్నట్టు పొరలు విడిపోతుంది.

రంపంపొట్టు
చిత్రిక గారూ, అంచులోకి స్క్రూ ఎందుకు దింపాలి? మూలకి లోపలివైపు 20×20 బద్ద వేసి, బద్ద లోంచి పలకల ముఖంలోకి స్క్రూ. 12 ఎంఎం పలకకి 25 ఎంఎం స్క్రూ, తల కాస్త లోపలికి దిగేలా కౌంటర్‌సంక్ చేసి. 32 వేస్తే బయట బొడిపె లేస్తుంది. అసలు పట్టు ఫెవికాల్‌ది, అది ఆరేదాకా పట్టుకోవడమే స్క్రూ పని. బద్దలకి టేకు తుక్కు ముక్కలు చాలు, గుమ్మాలు చేసేచోట దొరుకుతాయి.

ఉక్కునగరం
వైజాగ్ తేమలో మామూలు ఎండీఎఫ్ గురించి ఒక్క మాట. గాలిలో తేమకి అదేమీ కూలిపోదు. దాన్ని చెడగొట్టేది నేరుగా తగిలే నీళ్లు. అంచు ఒకసారి నీళ్లు తాగి ఉబ్బితే ఆరాక మళ్లీ మామూలు మందానికి రాదు. మనం ఇల్లు తడిగుడ్డ పెడతాం, పండగలకి కడుగుతాం. నేల మీద నిలబెట్టే పెద్ద డబ్బాలన్నీ కింది అంచు దగ్గర పాడయ్యేది అందుకే. టేబుల్ మీది డబ్బాకి ఆ బెంగ తక్కువ. ఎక్కడ పెడతారన్నది తేల్చుకుంటే చెక్క సంగతి సగం తేలిపోతుంది.

కాజా_కాకినాడ
టేబుల్ మీదే. కానీ కిటికీ పక్కన, జల్లు కొట్టే అవకాశం ఉంది.

ఉక్కునగరం
అయితే మామూలు ఎండీఎఫ్ వద్దు. హెచ్‌డీహెచ్‌ఎంఆర్ గానీ బీడబ్ల్యూఆర్ (నీళ్లని తట్టుకునే రకం) ప్లై గానీ. మెరైన్ దాకా అక్కర్లేదు. మెరైన్ అంటే ఐఎస్ 710, 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్షించే ప్లై. సింకు కింద అల్మరాకి అది న్యాయం. గేము డబ్బాని ఎవరూ ఉడకబెట్టరు.

పుప్పిపట్టని_చెక్క
ప్లై కొనేటప్పుడు గ్రేడు పేరు కాదు, అంచు చూడండి. షీటుని నిలబెట్టి నాలుగు వైపులా చూస్తే పొరల మధ్య సందులు కనిపిస్తాయి. సందు ఉన్నచోట రౌటర్‌తో (చెక్కని చెక్కే మిషను) గాడి పెడితే అక్కడ టీ-మోల్డింగ్ (అంచు గాడిలో దిగే ప్లాస్టిక్ పట్టీ) పట్టదు, 30 ఎంఎం రంధ్రం చేస్తే లోపలి పొర ముక్కలై ఊడుతుంది. వేలితో తడుతూ పోతే బోలు శబ్దం వచ్చేచోట లోపల ఖాళీ ఉన్నట్టే.

ఐఎస్‌ఐ ముద్ర కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరిదో, ఏ ప్రమాణానికో తెలుస్తుంది. 303 అని ఉంటే మామూలు వాడకం ప్లై, 710 అంటే మెరైన్. "మెరైన్" అని పెద్ద అక్షరాలతో ముద్ర వేసి 710 లేకపోతే అది మెరైన్ కాదు.

లోపలి పొరలు దేనివో కూడా అడగండి. జామాయిల్ కోర్ బరువు, స్క్రూ పట్టు బాగుంటుంది గానీ వంకర తిరిగే గుణం ఎక్కువ. పాప్లర్ తేలిక, తిన్నగా ఉంటుంది, పట్టు కాస్త తక్కువ. ఈ డబ్బాకి నా ఓటు పాప్లర్ కోర్‌కే. పిండిలాంటి పొడి రాలుతూ సూది మొనంత రంధ్రాలు కనిపిస్తే పుప్పి. ఆ షీటు ఎంత చవకగా ఇచ్చినా ఇంట్లోకి తేవద్దు, పక్కనున్న మంచానికీ పాకుతుంది.

నాలుగో_బటన్
అందరూ పక్కల గురించే మాట్లాడుతున్నారు. చెయ్యి పడేది ప్యానెల్ మీద. బటన్లు ఏ రకం కొన్నారు? ఆ జవాబు లేకుండా మందం చెప్పడం కుదరదు.

జపాన్ కంపెనీ సాన్వా చేసే ఓబీఎస్ఎఫ్-30 లాంటివి నొక్కితే టక్కున బిగిసేవి, పల్చటి రేకు కోసం చేసినవి. 12 ఎంఎం చెక్కలో వాటి పక్క రెక్కలు తెరుచుకోవు, వేలితో లాగితే బటన్ చేతికొస్తుంది. నట్టుతో బిగించే ఓబీఎస్ఎన్-30 కాస్త మందం తీసుకుంటుంది, 18కి అదీ చాలదు. అమెరికా పద్ధతి హ్యాప్ బటన్లకి మర పొడుగు, 18 ఎంఎం చెక్కకీ హాయిగా బిగుస్తాయి. వాటికి రంధ్రం 28 ఎంఎం. 30 చేస్తే ఊగుతుంది, 28 చేసి సాన్వా దింపుదామంటే దిగదు. బటన్లు చేతికొచ్చాకే బిట్ కొనండి.

కాజా_కాకినాడ
30 ఎంఎం నొక్కి బిగించేవే వచ్చాయి, జీరో డిలే కిట్‌తో (బటన్లని యూఎస్‌బీకి కలిపే బోర్డు). స్టిక్ సాన్వా వాళ్ల జేఎల్ఎఫ్ తరహాది. ఇప్పుడు ప్యానెల్ ఏం చెయ్యాలి?

నాలుగో_బటన్
రెండు దారులు. ఒకటి, కింద 12 ఎంఎం చెక్క, పైన 2 ఎంఎం అల్యూమినియం రేకు. రేకులో 30 రంధ్రం, చెక్కలో అదే కేంద్రం మీద 38 రంధ్రం. బటన్ రేకుని పట్టుకుంటుంది, చెక్క బరువు మోస్తుంది. కేంద్రాల మధ్య దూరం 36 ఎంఎం పెట్టుకుంటే 38 రంధ్రాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కలవనివ్వండి, లేదా ఆ బటన్ల కింద చెక్కని ఒకే కిటికీలా కోసెయ్యండి. అదే సులువు, వైర్లు పెట్టడానికి చెయ్యి కూడా పడుతుంది.

రెండోది, చెక్కని కింది నుంచి రౌటర్‌తో చెక్కి 3, 4 ఎంఎం మిగల్చడం. ప్లైలో చేస్తే రెండు పొరలు మిగిలి కొన్నాళ్లు నిలుస్తుంది, ఎండీఎఫ్‌లో చేస్తే గుద్దుడికి పగులుతుంది. నేనైతే రేకే.

స్టిక్ సంగతి వేరు. 12 ఎంఎం చెక్క కింద నేరుగా బిగిస్తే కర్ర పొట్టిగా తేలుతుంది, మణికట్టు పట్టేస్తుంది. ప్లేటు కొలతకి కింది నుంచి 6 ఎంఎం గుంట తీసి అందులో కూర్చోబెట్టాలి. ప్యానెల్ పై నుంచి బంతి అడుగు దాకా 24 ఎంఎం చుట్టుపక్కల ఉంటే చేతికి హాయి. చెక్క స్క్రూలు వద్దు, స్టిక్ ప్రతి ఊపుకీ అవి కొంచెం కొంచెం వదులవుతాయి. పై నుంచి ఎం4 కౌంటర్‌సంక్ బోల్టు, కింద నైలాక్ నట్టు.

వైరింగ్_వైపే
రేకు ప్యానెల్ అన్నారు గనక: లోపల 230 వోల్టుల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) పెడితే ఆ రేకుకి ఎర్త్ వైరు తప్పనిసరి. మూడు పిన్నుల ఐఈసీ సాకెట్ వెనక పెట్టి, ఎర్త్ నుంచి రేకుకి రింగు లగ్‌తో బోల్టు. చెమట చేతులతో గంటలు గంటలు పట్టుకునే వస్తువు అది. ఎస్ఎంపీఎస్ వద్దనుకుంటే రాస్ప్‌బెర్రీ పైకి దాని అడాప్టరే బయట నుంచి ఇవ్వండి, డబ్బాలోకి 5 వోల్టులే వస్తాయి. అప్పుడు మానిటర్ ఒక్కటే చూసుకోవాలి.

డల్లాస్_డబ్బా
నెట్‌లో దొరికే ప్లాన్లలో ఎక్కువ భాగం ఇక్కడి, అంటే అమెరికా కొలతలకి గీసినవి, 3/4 అంగుళం అంటే 19.05 ఎంఎం. ఇక్కడ కూడా 3/4 ప్లై అని అమ్మేది చాలాచోట్ల 23/32, అంటే 18.26. అక్కడ 18 అని తెచ్చింది వెర్నియర్ పెడితే 17 చూపించవచ్చు. ప్లాన్‌లో గాడి 19.05 ఉంటే పలక గాడిలో లొడలొడలాడుతుంది. ముందు షీటు కొనండి, కొలవండి, తర్వాతే గాడి కొలత.

ఎండీఎఫ్ ఇక్కడ 49×97 అంగుళాలు వస్తుంది, అంచులు కోసుకోవడానికి అంగుళం అదనం. అక్కడ 8×4 అంటే ఖచ్చితంగా 1220×2440, ఆ వెసులుబాటు లేదు. కటింగ్ ప్లాన్ వేసేటప్పుడు గుర్తుంచుకోండి.

బాల్టిక్ బర్చ్ ప్లై ఎవరైనా చెబితే ఆశపడకండి. 5×5 అడుగుల షీట్లు, లోపల సందుల్లేని పొరలు, ఈ పనికి దానికి మించింది లేదు. రష్యా నుంచి వచ్చే సరుకు 2022 నుంచి కష్టమై ఇక్కడే ధర చుక్కలంటింది.

రంపంపొట్టు
డల్లాస్ గారు చెప్పిన మందం లెక్క టీ-మోల్డింగ్‌కి ఇంకా ముఖ్యం. దొరికే మోల్డింగ్ ఎక్కువగా 19 ఎంఎం. 18 ఎంఎం చెక్కకి బయట 1 ఎంఎం సన్‌మైకా అతికిస్తే మొత్తం సరిగ్గా 19. ఇక రంగు వేసి వదిలేస్తే మోల్డింగ్ రెండు పక్కలా అర ఎంఎం బయటికి తేలి బట్టకి తగులుతుంది. గాడి మందం 1.6 ఎంఎం, స్లాట్ కట్టర్ కూడా అదే. గాడి మధ్యలో ఉండాలి, మధ్య అంటే సన్‌మైకాతో కలిపి 9.5. సన్‌మైకా అతికించాకే గాడి పెట్టాలి.

చిత్రిక77
ఒక్క పక్కే సన్‌మైకా అతికిస్తే పలక విల్లులా వంగుతుంది. రెండో పక్క లైనర్ (లోపలివైపు వేసే పల్చటి లామినేట్ షీటు) వెయ్యాలి. అప్పుడు మీ 19 లెక్క పోయింది.

రంపంపొట్టు
లైనర్ 0.8 అనుకుంటే 18+1+0.8, 19.8 అవుతుంది, నిజమే. అందుకే 17కి దగ్గరగా ఉన్న షీటు దొరికితే వదలకండి: 17+1+0.8 అంటే 18.8. లేదా లోపలి వైపు లైనర్ బదులు ప్రైమరు రెండు కోట్లు కొట్టి, మూడు వైపులా బద్దలు అతికించండి. 550 ఎంఎం పలక బద్దలకి కట్టుబడి ఉంటే వంగడానికి చోటు లేదు. తలుపులాగా విడిగా వేలాడే వెనక పలకకి మాత్రం రెండు పక్కలా ఒకటే వెయ్యాలి, అక్కడ మీతో ఏకీభవిస్తాను.

చిత్రిక77
అది ఒప్పుకుంటాను.

ఎర్రమీట
బ్లాక్‌బోర్డు (బడిలోది కాదు, లోపల చెక్క పట్టీలు పేర్చిన షీటు) వాడొచ్చా? అల్మరా చేయించినప్పుడు ఒక షీటు మిగిలింది.

పుప్పిపట్టని_చెక్క
అల్మరా తలుపుకి బ్లాక్‌బోర్డు బంగారం, పొడుగు పలక వంగదు. ఇక్కడ పక్కల వంపు కోస్తే లోపలి పట్టీల మధ్య సందులు బయటపడతాయి, గాడి ఆ సందుల్లో తప్పిపోతుంది. అడుగుకీ వెనక తలుపుకీ వాడేయండి.

ఎర్రమీట
డబ్ల్యూపీసీ (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపిన బోర్డు)? చెదలూ పట్టవు, నీళ్లూ పట్టవు అంటున్నారు కదా.

ఉక్కునగరం
రెండూ నిజమే. కానీ నురుగు బోర్డు అది, అంచులో స్క్రూ మళ్లీ మళ్లీ విప్పి బిగిస్తే వదులైపోతుంది. ఈ డబ్బా వెనక తలుపు ఎన్నిసార్లు విప్పుతారో లెక్కే ఉండదు. టీ-మోల్డింగ్ ముళ్లకి కూడా అందులో పట్టు చాలదు. వేడికి మెత్తబడే గుణమూ ఉంది, మానిటర్ పైన కప్పుగా వద్దు.

వైరింగ్_వైపే
వేడి మాట వచ్చింది గనక, అడుగు వెనక భాగంలో 50 ఎంఎం రంధ్రాలు రెండు, వెనక పలక పైభాగంలో చీలికలు నాలుగైదు ఉంచండి. కింద చల్లగాలి, పైన వేడిగాలి, దాని దారిన అది పోతుంది. వేసవిలో 80 ఎంఎం ఫ్యాను ఒకటి పైన తగిలిస్తే నిశ్చింత. రంధ్రాలకి దోమతెర జాలీ అతికించండి, బల్లులు దూరతాయి.

కాజా_కాకినాడ
బల్లుల సంగతి ఎవరూ చెప్పలేదు, థాంక్స్. కోత గురించి: 8×4 మొత్తం కొనాలా, సగం షీటులో అవుతుందా? వంపు రెండు పక్కలా ఒకేలా రావడం ఎలా?

రంపంపొట్టు
మొత్తం 12 ఎంఎం అయితే 4×4 సగంలో పడుతుంది. 8×4ని సగం కోస్తే రంపం మందం పోయి 1218×1220 మిగులుతుంది. ముందు 500 ఎంఎం పట్టీ తీసి అందులో రెండు పక్కలు: 550, 550, మధ్యలో 3 ఎంఎం రంపపు దారి, 1103. మిగిలిన 715 ఎత్తులో ఒక వరసకి అడుగు 480, ప్యానెల్ 230. రెండో వరసకి వెనక 450, మార్క్వీ 120, స్పీకరు 100. పక్కన 317 సందు మిగిలింది కదా, అందులో పైకప్పు 200×450 నిలువుగా.

చిత్రిక77
మొదటి వరసలో 480, 230, రంపపు దారి 3 కలిపి 713. మీకు మిగిలింది 2 ఎంఎం. లారీలో మూల దెబ్బతిన్న షీటు వస్తే ఆ అంచు చెక్కాలి, అంతే సంగతులు. అడుగు 470 చేసుకోండి. పక్క లోతు 500 ఉంది గనక లోపల ఏ ఇబ్బందీ రాదు.

వంపు విషయం: రెండు పక్కల్నీ విడివిడిగా గీసి కొయ్యకండి. ఒకదాన్ని గీతకి 2 ఎంఎం బయటగా జిగ్‌సాతో కోసి, 80 నంబరు ఎమ్రీతో గీత దాకా తెచ్చుకోండి. చేత్తో తడిమితే ఎక్కడా గుట్ట తగలకూడదు. రెండోదాన్ని కాస్త పెద్దగా కోసి, మొదటిదాన్ని దాని మీద డబుల్ టేపుతో అతికించి, బేరింగ్ ఉన్న ఫ్లష్ ట్రిమ్ బిట్‌తో రౌటర్ తిప్పేయండి. అచ్చు దిగుతుంది. మొదటిదాంట్లో ఉన్న వంకర కూడా దిగుతుంది, అందుకే మొదటిదాని మీద ఎంత సేపైనా పర్వాలేదు.

పుప్పిపట్టని_చెక్క
ఎండీఎఫ్ అయినా హెచ్‌డీహెచ్‌ఎంఆర్ అయినా కోసేటప్పుడు ఎన్95 మాస్కు లేకుండా రంపం ఆన్ చెయ్యద్దు. పౌడరు లాంటి దుమ్ము, అందులో ఫార్మాల్డిహైడ్ రెజిన్ కలిసి ఉంటుంది. ఆరుబయట కొయ్యండి. హెచ్‌డీహెచ్‌ఎంఆర్ బ్లేడుని తొందరగా మొద్దు చేస్తుంది, 7 అంగుళాల రంపానికి 60 పళ్ల కార్బైడ్ బ్లేడు పెట్టండి. మొద్దు బ్లేడు అంచుని కాల్చి నల్లగా చేస్తుంది, దాని మీద ప్రైమరు సరిగ్గా కూర్చోదు.

నాలుగో_బటన్
రంగు వేసేవాళ్లకి: ఎండీఎఫ్ ముఖం రెండు కోట్లతో నిండుతుంది, అంచు మాత్రం ఎంత పోసినా తాగుతుంది. నీళ్లు కలిపిన ఫెవికాల్ గానీ సాండింగ్ సీలర్ గానీ అంచుకి ముందు పట్టించి, ఆరాక 180తో రుద్ది, పల్చగా లప్పం పెట్టి, మళ్లీ రుద్ది, అప్పుడు ప్రైమరు. ప్లైకి లప్పం పని ఇంకా ఎక్కువ, పొరల గీతలు రంగు కింద నుంచి కనిపిస్తూనే ఉంటాయి. రంగు వెయ్యాలనుకున్నవాళ్లు ప్లై కొనడం లప్పం కొట్టుకి లాభం.

కాజా_కాకినాడ
ఇలా అనుకుంటున్నాను. పక్కలు రెండూ 18 ఎంఎం హెచ్‌డీహెచ్‌ఎంఆర్, బయట 1 ఎంఎం సన్‌మైకా, లోపల ప్రైమరు, 19 టీ-మోల్డింగ్. అడుగు 18 ఎంఎం బీడబ్ల్యూఆర్ ప్లై. మిగతావన్నీ 12 ఎంఎం ప్లై. ప్యానెల్ 12 ప్లై మీద 2 ఎంఎం అల్యూమినియం. మానిటర్ చుట్టూ 3 ఎంఎం నల్ల అక్రిలిక్. లోపలి వెడల్పు 450, బయటికి 488. ఎక్కడైనా తప్పుందా?

రంపంపొట్టు
బాగుంది. మానిటర్ ఒరిజినల్ స్టాండు తీసేసి, వెనక ఉండే వెసా 100×100 రంధ్రాలకి (స్టాండు బిగించే నాలుగు రంధ్రాలు) అడ్డంగా ఒక 18 ఎంఎం పట్టీ బిగించి, పట్టీ రెండు కొసలూ పక్క బద్దల మీద కూర్చోనివ్వండి. స్క్రూలు ఎం4. పొడుగు ఎక్కువైతే మానిటర్ లోపలి సర్క్యూట్‌కి తగులుతుంది, పట్టీ మందం పోను 8 ఎంఎంకి మించి లోపలికి వెళ్లనివ్వద్దు.

చిత్రిక77
18 ఎంఎం పక్కలకి బద్ద స్క్రూ 32 వేసుకోవచ్చు. పైన చెప్పిన 25 అనేది 12 ఎంఎంకి.

డల్లాస్_డబ్బా
టీ-మోల్డింగ్ మెలికల దగ్గర వెనక ఉన్న ముళ్ల పట్టీని వీ ఆకారంలో కత్తిరించండి, లేకపోతే మూలలో ఉబ్బుతుంది. మొదలూ చివరా డబ్బా అడుగున కలిసేలా పెడితే అతుకు కనపడదు. గాడి వదులైతే అక్కడక్కడా ఒక చుక్క జిగురు చాలు.

కాజా_కాకినాడ
సన్‌మైకా అతికించాక అంచు ట్రిమ్ చెయ్యాలా, అతికించే ముందే కొలతకి కోసుకోవాలా?

చిత్రిక77
చుట్టూ 5 ఎంఎం పెద్దగా కోసి అతికించండి, ఒక రాత్రి బరువు కింద ఉంచండి, తర్వాత ట్రిమ్మర్‌తో చెక్క అంచుకి సమానంగా తెచ్చుకోండి. గాడి దాని తర్వాతే. పక్కలకి గాడి పెట్టేది కూడా డబ్బా బిగించకముందే. బిగించాక లోపలి మూలల దగ్గర రౌటర్ అడుగు ఆనడానికి చోటుండదు.

నాలుగో_బటన్
రేకులో 30 రంధ్రాలకి స్టెప్ బిట్ వాడండి, రేకుని చెక్క ముక్క మీద క్లాంపుతో బిగించి, తక్కువ స్పీడులో. చేత్తో పట్టుకుని డ్రిల్లు చెయ్యద్దు, బిట్ పట్టేస్తే రేకు గిర్రున తిరిగి వేళ్లు కోస్తుంది. అంచులు గుండ్రటి ఆకురాయితో రుద్దాక బటన్లు దించండి.

కాజా_కాకినాడ
సరే. రేపు వెర్నియర్ పట్టుకుని షాపుకి వెళ్తున్నాను. షీటు 17 వస్తే లోపల లైనర్ వేస్తాను, 18 వస్తే ప్రైమరే.